పాత సీసాను చదవడం ఎలా?

మీ ఇంట్లో అటక మీదో, పెరటి గోడ మూలనో దుమ్ము కొట్టుకుపోయిన పాత సీసా ఒకటి ఉండే ఉంటుంది. ఒకప్పుడు అందులో ఆముదం పోశారో, కిరసనాయిలు పోశారో, తాతగారికి దగ్గుమందు తెచ్చారో ఎవరికీ గుర్తుండదు. సంక్రాంతికి ఇల్లు దులిపేటప్పుడు దాన్ని పాతసామాన్లవాడి గంపలో వేసేస్తారు. అక్కడినుంచి అది గాజుపెంకుల గుట్టకూ, గుట్టనుంచి కొలిమికీ పోతుంది. కరిగి ఇంకో సీసా అవుతుంది. గాజుకు అందులో నష్టమేమీ లేదు. ఎన్నిసార్లు కరిగించినా గాజు గాజే. పైగా పాత పెంకులు కలిపితే కొత్త ముడిసరుకు తక్కువ వేడికే కరుగుతుంది గనుక ఫ్యాక్టరీలు వాటిని కోరి కొంటాయి. నష్టమల్లా చరిత్రకు.

చరిత్ర అనగానే మనకు రాజులూ, శాసనాలూ గుర్తుకు వస్తాయి. కలిదిండి సంగతే చూడండి. కొల్లేటికి దక్షిణాన, ఉప్పుటేరుకు చేరువలో ఉన్న ఈ ఊరి పేరు చరిత్ర పుస్తకాలకెక్కడానికి కారణం ఒక తామ్రశాసనం. 11వ శతాబ్దంలో తూర్పు చాళుక్యరాజు రాజరాజ నరేంద్రుడు దాన్ని వేయించాడు. తన తరఫున పోరాడి యుద్ధంలో చనిపోయిన చోళ సేనానుల జ్ఞాపకంగా అక్కడ మూడు శివాలయాలు కట్టించిన వైనం అందులో ఉంది. వెయ్యేళ్ళయినా రాగిరేకులు ఆ సంగతి చెబుతూనే ఉన్నాయి.

మరి, తొంభై ఏళ్ళ కిందట ఇలాంటి ఊళ్ళలో సంతరోజున సోడా అమ్మిన మనిషి సంగతి ఏమిటి? ఆయన ఎవరు? సీసాలు ఎక్కడినుంచి తెచ్చుకున్నాడు? ఏ శాసనమూ ఆయన పేరు చెప్పదు. చాలాసార్లు లెక్కల పుస్తకం కూడా మిగలదు. కాని ఆ రోజుల్లో సోడా ఫ్యాక్టరీలవాళ్ళు తమ పేరూ, ఊరిపేరూ సీసా మీద ఉబ్బెత్తు అక్షరాలతో పోయించుకునేవారు. సీసా ఖరీదు లోపలి సోడా ఖరీదుకంటే ఎన్నోరెట్లు ఎక్కువ. తాగినవాళ్ళు సీసా అక్కడే ఇచ్చేయాలి. పక్క ఊరి సోడావాడు దాన్ని ఎత్తుకుపోయి వాడుకోకుండా ఉండడానికే ఆ పేరు! దొంగల భయంతో పోయించిన అక్షరాలే ఈనాడు మనకు శాసనాలు. వాటిని చదివి రాసిపెట్టుకోకముందే అవి కొలిమిలో పడుతున్నాయి.

సీసాను చదవడానికి పెద్ద పరికరాలేవీ అక్కర్లేదు. ఒక భూతద్దం, ఒక దారం, ఒక తక్కెడ, బకెట్టు నీళ్ళు, కొంచెం ఓపిక చాలు.

గాజు మనదే, సీసా వచ్చిందే

ముందు ఒక మాట గమనించండి. తెలుగులో గాజు అంటే ఆ పదార్థమూ అవుతుంది, చేతికి తొడుక్కునే గాజూ అవుతుంది. ఒకే మాట ఈ రెండింటికీ ఉందంటే, మనవాళ్ళకు గాజు అనగానే మొదట గుర్తుకు వచ్చేది చేతి గాజే అన్నమాట. సీసా అనే మాటో? అది 'శీషా' అనే పారసీక పదం నుంచి హిందుస్తానీ మీదుగా వచ్చింది. మన సొంత మాట బుడ్డి. బుడ్డి అంటే చిన్న పాత్ర. దానికి గాజే అక్కర్లేదు.

తవ్వకాలూ ఇదే చెబుతున్నాయి. శాతవాహనుల కాలంనాటి కొండాపురం, పెద్దబంకూరు వంటి చోట్ల గాజుపూసలు దొరికాయి. శ్రీకాళహస్తి ప్రాంతంలోని పాపానాయుడుపేటలో ఇటీవలి కాలం దాకా పాతపద్ధతిలోనే గాజుపూసలు చేశారు. కరిగిన గాజుముద్ద మధ్యలో బోలు ఉండేటట్టు చేసి, దాన్ని కొలిమినుంచి సన్నటి గొట్టంలా లాగుతూ పోతారు. చల్లారిన గొట్టాన్ని చిన్నచిన్న ముక్కలుగా కోస్తే పూసలు. రెండువేల ఏళ్ళ కిందట పుదుచ్చేరి దగ్గరి అరికమేడులో తయారై సముద్రాలు దాటిన పూసలు కూడా ఇలా లాగినవే. అందుకని అమెరికాకు చెందిన పీటర్ ఫ్రాన్సిస్ వంటి పూసల పరిశోధకులు పాపానాయుడుపేటదాకా వచ్చి ఆ పని చూసి వెళ్ళారు.

అంటే గాజు పని మనకు కొత్త కాదు. ఒకే కొలతతో, ఒకే ఆకారంలో వేలకొద్దీ సీసాలు పోసే పెద్ద కార్ఖానా మాత్రం కొత్త.

కొల్లేటి చుట్టుపక్కల అలాంటి కార్ఖానా ఎందుకు పుట్టలేదో ఆలోచించండి. గాజుకు కావలసింది శుభ్రమైన తెల్ల ఇసుక. ఇక్కడ ఉన్నది నల్లరేగడి, ఒండ్రు. వరికి బంగారం, గాజుకు పనికిరాదు. కొలిమి రాత్రింబగళ్ళు మండాలంటే బొగ్గు కావాలి. అదీ దగ్గర్లో లేదు. కాని సరుకు రావడానికి దారి మాత్రం బ్రహ్మాండంగా ఉంది. 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట, 1855 నాటికి బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాయి. గోదావరినుంచీ కృష్ణనుంచీ వచ్చిన కాలువలు ఏలూరు దగ్గర కలుసుకుని పడవలకు రహదారి అయ్యాయి. 1893లో రైలూ వచ్చింది. కాబట్టి ఈ ప్రాంతంలో దొరికే పాతసీసా ఏదైనా ఎక్కడో పుట్టి, గడ్డిలో పొదిగిన పెట్టెలో ప్రయాణం చేసి వచ్చిందే. ఎక్కడ పుట్టింది? అదే మనం తేల్చవలసిన ప్రశ్న.

ఇసుక సీసా ఎలా అవుతుంది?

ఇసుక అంటే ముఖ్యంగా సిలికా. శుద్ధ సిలికా కరగాలంటే 1,700 డిగ్రీల సెంటిగ్రేడు దాటిన వేడి కావాలి. అంత వేడి తట్టుకునే కొలిమి కట్టడం తేలిక కాదు. ఇసుకలో సోడా బూడిద, అంటే సోడియం కార్బొనేట్ కలిపితే చాలా తక్కువ వేడికే కరుగుతుంది. అయితే ఇక్కడొక చిక్కుంది. ఇసుకా సోడా మాత్రమే కరిగించి చేసిన గాజు నీళ్ళలో కరిగిపోతుంది! అలాంటి సీసాలో సోడా పోస్తే ఏం కావాలి? అందుకే మూడోదిగా సున్నపురాయి కలుపుతారు. సున్నం గాజుకు స్థిరత్వాన్నిస్తుంది. నూటికి సుమారు 70 పాళ్ళు సిలికా, 15 పాళ్ళదాకా సోడా, 10 పాళ్ళదాకా సున్నం – మామూలు సీసా గాజు ఇదే.

ఇలా కరిగిన గాజు తేనెపాకంలా ఉంటుంది. పనివాడు పొడవాటి ఇనప గొట్టం కొనను దానిలో ముంచి కాస్త ముద్ద తీసి, నోటితో ఊదుతాడు. బుడగ వస్తుంది. ఆ బుడగను రెండు చెక్కల అచ్చులో పెట్టి ఊదితే అచ్చు ఆకారం పట్టేస్తుంది. అచ్చు లోపల చెక్కిన అక్షరాలు సీసా మీద ఉబ్బెత్తుగా తేలుతాయి.

అయిపోయిందా? లేదు. అసలు పరీక్ష ఆ తర్వాత. వేడి సీసాను ఒక్కసారిగా గాలిలో పెడితే పైపొర ముందు చల్లారి బిగుసుకుంటుంది. లోపలిపొర తర్వాత చల్లారుతూ కుంచించుకుపోవాలని చూస్తుంది. ఈ రెండింటి పెనుగులాటలో సీసా ఆ రోజో, వారం తర్వాతో చిన్న దెబ్బకే పగులుతుంది. అందుకని సీసాలను మరో కొలిమిలో పెట్టి నెమ్మదిగా, గంటలకొద్దీ చల్లారుస్తారు. ఊదడం నేర్చినా ఈ చల్లార్చడం సరిగా కుదరక మూతపడ్డ కార్ఖానాలు లోకంలో ఎన్నో.

మన దేశంలో కొత్త తరహా గాజు కార్ఖానాల ప్రయత్నాలు స్వదేశీ ఉద్యమం రోజుల్లో ఊపందుకున్నాయి. వాటిలో ఒకటి కథలా ఉంటుంది. మహారాష్ట్రలో అంతాజీ దామోదర్ కాళే అనే ఆయన దేశంలో పరిశ్రమలు పెట్టడానికి మనిషికి ఒక్క పైసా చొప్పున చందా అడిగారు. లోకమాన్య తిలక్ దానికి అండగా నిలిచారు. ఆ పైసలు పోగై 1908లో పూనా దగ్గరి తలేగాఁవ్‌లో పైసాఫండ్ గాజు కార్ఖానా వెలిసింది. విదేశాల్లో గాజుపని నేర్చుకుని వచ్చిన ఈశ్వరదాస్ వార్ష్‌ణే దాన్ని నడిపించారు. అక్కడ పని నేర్చినవాళ్ళు దేశంలో అనేకచోట్లకు వెళ్ళారు. 1916లో కరాడ్ దగ్గర ఓగలే సోదరుల కార్ఖానా మొదలైంది. ప్రభాకర్ లాంతర్లు, వాటి చిమ్నీలు అక్కడివే. మన హైదరాబాదులో 1972లో అసోసియేటెడ్ గ్లాస్ ఇండస్ట్రీస్ సీసాల కార్ఖానా వచ్చింది. ఇసుకకో? గూడూరు దగ్గరి చిల్లకూరు, కోట ప్రాంతాల తెల్ల ఇసుక గాజు తయారీకి పేరుమోసింది.

అంటే మీ చేతిలోని సీసా ఇంగ్లండులో పుట్టిందా, తలేగాఁవ్‌లోనా, ఉత్తరాదిన ఫిరోజాబాదులోనా, హైదరాబాదులోనా అన్న ప్రశ్నకు అర్థముంది. ఇక సీసాను చేతిలోకి తీసుకోండి.

సీసా ఒంటి మీది గుర్తులు

మొదట అతుకుగీత వెతకండి. రెండు చెక్కల అచ్చు కలిసినచోట సీసా పక్కలమ్మట సన్నని గీత ఉంటుంది. ఆ గీత వెంట వేలుపెట్టి కిందనుంచి పైకి పొండి. గీత మెడ దగ్గర ఆగిపోయి, పైన పెదవి నున్నగా ఉంటే ఆ పెదవిని పనివాడు తర్వాత చేత్తో దిద్దాడన్నమాట. గీత పెదవి మీదుగా చివరిదాకా పోతే అది యంత్రం పోసిన సీసా. సీసాలను పూర్తిగా యంత్రంతోనే చేసే పద్ధతిని అమెరికాలో మైకేల్ ఓవెన్స్ 1903లో సాధించాడు. ఆ మాదిరి యంత్రపు సీసా అడుగున ఒక పక్కకు జరిగిన పెద్ద గుండ్రని గాటు కనిపిస్తుంది. అచ్చు పీల్చుకున్న గాజును కత్తి కోసిన గుర్తు అది.

ఇప్పుడు అడుగు చూడండి. మధ్యలో గరుకుగా, పెళుసుగా మచ్చ ఉంటే, పెదవి దిద్దేటప్పుడు సీసాను అడుగునుంచి ఒక ఇనప కడ్డీకి అంటించి పట్టుకున్నారని అర్థం. కడ్డీ విరిచినచోట ఆ మచ్చ మిగులుతుంది.

అసలు అతుకుగీతే లేకపోతే? భూతద్దంతో చూడండి. సీసా చుట్టూ అడ్డంగా సన్నని గీతలు కనిపిస్తే పనివాడు అచ్చులో సీసాను తిప్పాడన్నమాట. తిప్పడంతో అతుకుగీత చెరిగిపోయింది. అలాంటి సీసా మీద ఉబ్బెత్తు అక్షరాలు ఉండవు. ఎందుకో మీరే ఊహించగలరు.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయాలి. ఇంగ్లీషు పుస్తకాలు చదివి చాలామంది, చేతిపని గుర్తుంటే సీసాకు నూరేళ్ళు దాటాయని తేల్చేస్తారు. మన దేశంలో అది చెల్లదు. యంత్రాలు వచ్చిన తర్వాత కూడా మన కార్ఖానాల్లో నోటితో ఊదడం, చేత్తో దిద్దడం చాలాకాలం సాగింది. ఫిరోజాబాదులో గాజుపని చేతులమీద ఇంకా నడుస్తూనే ఉంది. కాబట్టి గుర్తు చెప్పేది సీసాను ఎలా చేశారనే. ఎప్పుడు చేశారన్నది కాదు.

రంగు కూడా మాట్లాడుతుంది. ఇసుకలో ఇనుము ఏ కొంచెం ఉన్నా గాజుకు ఆకుపచ్చ ఛాయ వస్తుంది. మీ బడి కిటికీ అద్దాన్ని అంచువైపునుంచి చూడండి. తెల్లగా ఉందనుకున్న అద్దమే పచ్చగా కనిపిస్తుంది. ఈ పచ్చదనాన్ని పోగొట్టడానికి పూర్వం మాంగనీస్ కలిపేవారు. ఆ గాజును ఏళ్ళ తరబడి ఎండలో పడేస్తే అతినీలలోహిత కిరణాల వల్ల మాంగనీస్ స్థితి మారి సీసా లేత ఊదారంగుకు తిరుగుతుంది. తయారైనప్పుడు లేని రంగు ఎండలో వచ్చిందన్నమాట! కోబాల్టు కలిపితే ముదురు నీలం. ఇనుము, గంధకం, కర్బనం కలిస్తే తేనెరంగు. వెలుతురు తగిలితే చెడిపోయే మందులకు ఈ తేనెరంగు సీసాలు వాడతారు. కాబట్టి రంగును బట్టి లోపల ఏముండేదో కొంతవరకు ఊహించవచ్చు.

గాజు బరువు కూడా చూడాలి. సీసాను ముందు గాలిలో తూచండి. తర్వాత దారంతో కట్టి, లోపల గాలి బుడగ మిగలకుండా నీటిలో పూర్తిగా ముంచి వేలాడదీసి తూచండి. గాలిలో 480 గ్రాములు, నీటిలో 288 గ్రాములు వచ్చిందనుకుందాం. తేడా 192. ఆర్కిమిడీస్ సూత్రం ప్రకారం 480ని 192తో భాగిస్తే 2.5. మామూలు సోడా సున్నపు గాజు సాంద్రత ఇదే. 3 దాటితే సీసం కలిపిన గాజు కావచ్చు. సెంటుబుడ్లు, ఖరీదైన గ్లాసులు అలా ఉంటాయి. సీసా వేరు, సీసం వేరు సుమా! మాటలు దగ్గరగా ఉన్నాయి గాని వాటికి చుట్టరికం లేదు.

గోలీ లోపలికి ఎలా వెళ్ళింది?

పాతసీసాల్లో రాజు గోలీసోడా సీసా. దాని మెడలో గోలీ ఆడుతూ ఉంటుంది. కాని పెదవి గోలీకంటే ఇరుకు. మరి గోలీ లోపలికెలా దూరింది? అది దూరిన తర్వాతే పెదవిని ఇరుకు చేశారు. సీసా వేడిగా, నోరు వెడల్పుగా ఉన్నప్పుడు గోలీ జారవిడిచి, నోటిని మళ్ళీ వేడిచేసి సన్నగా దిద్దుతారు.

ఈ సీసాను కనిపెట్టినవాడు హైరామ్ కాడ్ అనే ఇంగ్లీషు ఇంజనీరు. ఈ ఆకారపు సీసాకు 1872లో పేటెంటు పొందాడు. బిరడా చెక్కతో చేస్తే ఎండిపోయి గాలి పోతుంది. దారంతో బిగించాలి, ఊడదీయాలి. కాడ్‌కు వచ్చిన ఆలోచన ఏమిటంటే, బయటికి పోవాలని చూసే వాయువునే కాపలాదారుగా పెట్టడం.

అదెలాగో చూడండి. మామూలు పీడనంలో, 15 డిగ్రీల దగ్గర, లీటరు నీటిలో సుమారు లీటరు కార్బన్ డయాక్సైడ్ కరుగుతుంది. పీడనం రెండింతలైతే కరిగే వాయువూ రెండింతలవుతుంది. సోడాయంత్రంలో వాయువును గట్టిగా అదిమి నీటిలో కరిగిస్తారు. అప్పుడు సీసా తలకిందులుగా ఉంటుంది. నిండగానే గోలీ జారి పెదవిలోని రబ్బరు చుట్ట మీద కూర్చుంటుంది. సీసాను నిలబెట్టినా గోలీ పడదు. లోపలి వాయువు దాన్ని పైకి నొక్కి పట్టి ఉంచుతుంది.

ఎంత బలంతో? లెక్క కడదాం. రబ్బరు చుట్ట రంధ్రం అడ్డకొలత 1.6 సెంటీమీటర్లు అనుకోండి. వైశాల్యం సుమారు 2 చదరపు సెంటీమీటర్లు. లోపలి పీడనం బయటికంటే 3 వాతావరణాలు ఎక్కువ అనుకుంటే, ప్రతి చదరపు సెంటీమీటరుకూ సుమారు 3 కిలోలు. మొత్తం 6 కిలోలు. సోడా అబ్బాయి చెక్కబిరడా పెట్టి అరచేత్తో ఒక్క గుద్దు గుద్దేది ఈ 6 కిలోలను ఓడించడానికే. గోలీ దిగుతుంది, వాయువు 'కీచు'మని బయటపడుతుంది. మెడలో ఒకపక్క ఉన్న రెండు నొక్కులు చూశారా? ఆ పక్కకు వంచి తాగితే గోలీ ఆ నొక్కుల్లో ఆగుతుంది. రెండోపక్కకు వంచితే గోలీ జారివచ్చి నోరు మూసేస్తుంది. కొత్తవాడు తాగుతున్నాడో, అలవాటున్నవాడో దీన్నిబట్టే తెలిసిపోయేది!

కాడ్‌తో కొన్నాళ్ళు వాటాదారుగా ఉన్న డాన్ రైలాండ్స్ కార్ఖానా ఇంగ్లండులోని బార్న్స్‌లీలో ఉండేది. ఆ పేరు ఉన్న సీసా దొరికితే పుట్టినిల్లు దొరికినట్టే. 1892లో అమెరికాలో విలియం పెయింటర్ అంచు ముడతల రేకుమూత కనిపెట్టాక పాశ్చాత్యదేశాల్లో గోలీసీసా వెనకబడింది. మనదేశంలోనూ జపానులోనూ నిలిచింది. మన గోదావరి ప్రాంతంలో సోడా చరిత్రకు మంచి ఉదాహరణ రామచంద్రపురం. అక్కడ 1919లో అద్దూరి రామచంద్రరాజు గారు సోడా వ్యాపారం మొదలుపెట్టారు. అదే తర్వాత ఆర్టోస్ అనే పేరుతో వాసికెక్కింది. ఆ సంస్థ నిలిచింది కాబట్టి దాని కథ మనకు తెలుసు. నిలవనివి ఎన్నో ఊళ్ళలో ఉన్నాయి.

తేదీ లేని సీసాకు తేదీ

సీసా మీద తయారైన సంవత్సరం సాధారణంగా ఉండదు. అయినా రెండు హద్దులు గీయవచ్చు. ఒకటి, ఇంతకంటే ముందుది కాదు అనేది. రెండు, ఇంతకంటే తర్వాతది కాకపోవచ్చు అనేది.

గోలీసీసా 1872కు ముందుది కాదు. ఇది తేలిక. అమృతాంజనం బుడ్డి తీసుకోండి. కృష్ణాజిల్లా ఎలకుర్రులో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో ఆ మందును మొదలుపెట్టారు. కాబట్టి ఆ పేరున్న బుడ్డి ఏదీ 1893కు ముందుది కాజాలదు.

ఊరిపేరు ఇంకా మంచి ఆధారం. ఏలూరు 1904 వరకు గోదావరి జిల్లాలో ఉండేది. ఆ ఏడు కృష్ణాజిల్లాలో కలిసింది. 1925లో పశ్చిమగోదావరి జిల్లా ఏర్పడినప్పుడు దానికి ముఖ్యపట్టణమైంది. కాబట్టి లేబులు మీద 'ఏలూరు, కృష్ణాజిల్లా' అని ఉంటే అది 1904కూ 1925కూ మధ్యదని చెప్పవచ్చు. కలిదిండి 2022లో ఏలూరు జిల్లాలో చేరింది. అంతకుముందు కృష్ణాజిల్లాలో ఉండేది. 'ఆంధ్రప్రదేశ్' అని ఉంటే 1956 తర్వాతది. పిన్ కోడు ఉంటే 1972 ఆగస్టు తర్వాతది. ధర నయాపైసల్లో ఉంటే 1957కూ 1964కూ మధ్యది. అయితే పాత లేబుళ్ళు అయిపోయేదాకా వాడేవారూ, పాత అచ్చు అరిగేదాకా పోసేవారూ ఉంటారు. అందుకని ఒకటి రెండేళ్ళు అటూ ఇటూ వదిలిపెట్టాలి.

లేబులు ఊడిపోయినా కొలత మిగులుతుంది. సీసాలో అంచుదాకా నీళ్ళు పోసి, ఆ నీటిని కొలజాడీలో కొలవండి. మెడ వరకు 284 మిల్లీలీటర్ల దరిదాపుల్లో వస్తే అది 10 ఔన్సుల సీసా కావచ్చు. మెట్రిక్ కొలతలు మనదేశంలో 1958 నుంచి అమల్లోకి వచ్చాయి. సరిగ్గా 200, 250 అని వచ్చే సీసాలు ఎక్కువగా ఆ తర్వాతివి.

సీసా చెప్పలేనిది కాగితాలు చెబుతాయి. మచిలీపట్నంనుంచి 1902లో మొదలైన కృష్ణాపత్రికలోనూ, ఆంధ్రపత్రికలోనూ పాత ప్రకటనలు వెతకాలి. వేటపాలెంలోని సారస్వత నికేతనం 1918 నుంచి పాతపత్రికలు దాచి ఉంచిన గ్రంథాలయం. కృష్ణాజిల్లా గురించి 1883లో గోర్డన్ మెకంజీ, గోదావరి జిల్లా గురించి 1907లో హెమింగ్వే రాసిన గ్రంథాల్లో ఆనాటి పరిశ్రమల సంగతులు ఉన్నాయి. ఇంగ్లీషు మాస్టారి సాయం తీసుకోండి.

అన్నిటికంటే తొందరగా పోయే ఆధారం మాత్రం మనుషుల జ్ఞాపకం. పత్రిక ఇంకో పదేళ్ళు బీరువాలో ఉంటుంది. తాతగారి సంగతి అలా చెప్పలేం. వెళ్ళి కూర్చుని అడగండి: "తాతగారూ, మీ చిన్నప్పుడు సోడా ఎవరు కొట్టేవారండీ? గ్యాసు ఎక్కడినుంచి తెచ్చేవారు? గోలీలు పోతే కొత్తవి ఎవరమ్మేవారు? సీసాలు పడవలో వచ్చేవా, రైల్లోనా?" ఆయన చెప్పింది చెప్పినట్టు రాసుకోండి. ఇద్దరు చెప్పినవి కలవకపోతే రెండూ రాయండి. మీరు తీర్పు చెప్పి ఒకటి కొట్టేయకండి.

ఒక్కో సీసాకు ఒక్కో కార్డు

ప్రతి సీసాకూ ఒక అట్టకార్డు పెట్టండి. ఎక్కడ, ఎవరింట్లో, ఏ తేదీన చూశారో ముందు రాయాలి. తర్వాత ఎత్తు, బరువు, పట్టే నీళ్ళు, రంగు, అతుకుగీత ఎక్కడ ఆగింది, అడుగున మచ్చ ఉందా, అక్షరాలు ఏమిటి. అక్షరాలు అరిగిపోతే పల్చటి కాగితం కప్పి పెన్సిలుతో అడ్డంగా రుద్దండి. కంటికి కనిపించనివి కూడా తేలతాయి. చూసినదాన్నీ ఊహించినదాన్నీ వేరువేరు గడుల్లో రాయండి. ఇది తప్పనిసరి. కలిపి రాస్తే మీ తర్వాత చూసేవాడికి రెండూ పనికిరావు.

సీసాను ఇంటివాళ్ళ దగ్గరే ఉండనివ్వండి. మనకు కావలసింది దాని సమాచారం. కార్డులన్నీ పోగైతే ఒక పటం గీయండి. ఏలూరు పేరున్న సీసాలు కలిదిండి, కైకలూరులలో ఎన్ని దొరికాయి? తాడేపల్లిగూడెం పేరున్నవి ఎంత దూరం వచ్చాయి? చుక్కలు పెడుతూ పోతే ఆనాటి సోడా వర్తకం కాలువల వెంట పోయిందో, రైలు వెంట పోయిందో కంటికే కనిపిస్తుంది. ఈ పటాన్ని బడి గోడపత్రికలో పెట్టండి. చూడవచ్చిన పెద్దవాళ్ళు "మా ఇంట్లోనూ ఒకటుంది" అనడం ఖాయం.

కొన్ని జాగ్రత్తలు చెప్పక తప్పదు. ఈ ప్రాంతంలో చేపల చెరువులు తవ్వినప్పుడు పాత పెంకులు పైకి వస్తుంటాయి. గట్టు మీద కనిపించినదాన్ని చూడండి గాని, మీరుగా తవ్వకండి. చెత్తగుట్టల్లో చేతులు పెట్టకండి. మూత ఉన్న సీసాను తెరవవద్దు, వాసన చూడవద్దు. అది పురుగుమందు కావచ్చు. గాజుపెంకును ఉత్తచేత్తో పట్టుకోవద్దు. భూమిలో విలువైన పాతవస్తువు దొరికితే కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి చట్టం ఒకటుంది. నూరేళ్ళు దాటిన పురావస్తువుల విషయంలో 1972 నాటి చట్టం వర్తిస్తుంది. అనుమానమొస్తే మీ మాస్టారికి చెప్పండి.

చివరగా గోలీసీసా వెతికేవాళ్ళకు ఒక మాట. మొత్తం సీసా దొరకడం కష్టం. ఎందుకంటే ఆనాటి మీవంటి కుర్రాళ్ళే గోలీకోసం వాటిని పగలగొట్టారు! ఇంగ్లండులోనూ ఇదే కథ. అందుకని ముక్కలు చూడండి. మందపాటి లేతపచ్చ గాజుముక్క మీద బొటనవేలితో నొక్కినట్టున్న రెండు గుంటలు పక్కపక్కన ఉంటే, అది గోలీసీసా మెడ. పెదవి ముక్క లోపలివైపు చుట్టూ గాడి ఉంటే, రబ్బరు చుట్ట కూర్చున్నది అక్కడే. ఆ ముక్కకు కూడా కార్డు రాయండి.